ఇంగ్లిష్ మాటల చుట్టరికం

(స్వర్ణోత్సవాల సందర్భంగా తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

  పిల్లలూ, ఈ పది నిమిషాలు మీవి.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరును, ఇంగ్లిష్ పంతులును కాను. అయినా ఇంగ్లిష్ మాటల గురించే మాట్లాడతానని సంఘం వాళ్లకు చెప్పాను. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ఇంటర్‌కో పాలిటెక్నిక్‌కో వెళ్లాక, లెక్కలు బాగా వచ్చిన పిల్లలు కూడా మాట అర్థం కాక వెనక బెంచీకి చేరుతున్నారు. కొందరు చదువే మానేస్తున్నారు. తెలివి ఉండి మాట దగ్గర ఆగిపోవడం చిన్న నష్టం కాదు.

"లక్షల మాటలున్నాయి సార్, ఎన్నని బట్టీ పట్టాలి?" అని అడుగుతారు. విడివిడిగా అయితే ఎవరి వల్లా కాదు. కానీ మాటలకు చుట్టరికాలుంటాయి. ఆ చుట్టరికం పట్టుకునే విద్య మీకు ముందే వచ్చు. తెలుగు సారు ఉపసర్గలు చెప్పేటప్పుడు ఆహారం, విహారం, సంహారం, పరిహారం బోర్డు మీద రాసి, అన్నింటిలో ఉన్న 'హార' కింద గీత గీశారు కదా. ఇంగ్లిష్‌లో చేయాల్సిందీ అదే.

ఇప్పుడు కాలువ గట్టు మీదికి రండి. జూరాల కుడి కాలువ గద్వాల వైపు, ఎడమ కాలువ వనపర్తి వైపు పోతాయి. వాటి నుంచి పొలాలకు చీలే కాలువ పేరు డిస్ట్రిబ్యూటరీ. ఆ మాట మధ్యలో టి, ఆర్, ఐ, బి అనే నాలుగు అక్షరాలున్నాయి. లాటిన్‌లో 'ట్రిబుస్' అంటే తెగ. తెగల వారీగా పంచడం నుంచి ఆ మాటకు పంచడం, ఇవ్వడం అనే అర్థం వచ్చింది. ముందు 'డిస్' చేరితే డిస్ట్రిబ్యూట్, తలా ఇంత పంచడం. 'కాన్' చేరితే కాంట్రిబ్యూట్, నలుగురితో కలిసి తన వంతు ఇవ్వడం. ట్రిబ్యూట్ అంటే కప్పం. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు పేష్కష్ కట్టినట్టు, పెద్ద నదికి తన నీళ్లు తెచ్చి ఇచ్చే ఉపనది ట్రిబ్యుటరీ. మన తుంగభద్ర కృష్ణకు ట్రిబ్యుటరీయే. రోమ్‌లో అధికారులు కూర్చుని తీర్పు చెప్పే ఎత్తైన పీఠం ట్రిబ్యునల్. కృష్ణా నీళ్ల తగాదా తీర్చడానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ జూరాలకు 17.84 టీఎంసీలు, రాజోలిబండ మళ్లింపు పథకానికి 15.9 టీఎంసీలు కేటాయించింది. చూశారా, ఒక్క వేరు పట్టుకుంటే ఐదు మాటలు వచ్చాయి.

రాజోలిబండ అన్నాను కాబట్టి ఇంకో కుటుంబం చూద్దాం. ఆనకట్ట కర్ణాటక వైపు ఉంది. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. నీళ్లు చివరి పొలం దాకా రావని ఏళ్ల తరబడి తగాదా. లాటిన్‌లో 'రీవుస్' అంటే వాగు. ఒకే వాగు నీళ్లు వాడుకునే ఇరుగుపొరుగును 'రివాలిస్' అన్నారు. ఇంగ్లిష్‌లో ప్రత్యర్థి అనే అర్థంలో వాడే రైవల్ అక్కడి నుంచే వచ్చింది. నీళ్ల పంచాయితీ ఎంత పాతదో ఆ ఒక్క మాటే చెబుతుంది. వాగు నుంచి నీళ్లు మళ్లించడం డిరైవ్. లెక్కల సారు ఫార్ములా డిరైవ్ చేయమంటే భయపడకండి. మూలం నుంచి కాలువ తీయమంటున్నారు, అంతే.

ఒక జాగ్రత్త. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ చుట్టాలు కారు. రివర్‌లోనూ ఆర్, ఐ, వి ఉన్నాయి. కానీ అది 'రీపా', అంటే ఒడ్డు అనే మాట నుంచి వచ్చింది. పడవ ఒడ్డు చేరడమే అరైవ్. అలాగే ట్రిబ్యులేషన్ అంటే కష్టం. దానికి తెగతో సంబంధం లేదు. రోమన్ రైతులు కల్లంలో గింజలు రాల్చడానికి లాగిన బల్ల పేరు నుంచి అది పుట్టింది. అందుకే అక్షరాలు చూసి ఊహించండి, తర్వాత నిఘంటువు తెరిచి సరిచూసుకోండి.

ఇంగ్లిష్ కూడా మన దగ్గర చేబదులు తీసుకుంది. ఇంజనీరింగ్ పుస్తకాల్లోని 'అనికట్' తమిళుల అణైకట్టు నుంచి వెళ్లింది. అది మన ఆనకట్టకు చుట్టమే. కాబట్టి తెలుగు వచ్చినందుకు ఎవరూ తల దించుకోనక్కర్లేదు.

ఎఫ్, ఎల్, యు అక్షరాల్లో 'పారడం' ఉంది. పారేది ఫ్లూయిడ్. అలంపూర్ దాటాక తుంగభద్ర, కృష్ణ కలిసే సంగమం కాన్‌ఫ్లుయెన్స్. అందరూ భయపెట్టే ఫ్లూయెంట్ అనే మాటకు అర్థం ధారగా పారేది అనే. ధార ఒక్కరోజులో రాదు. కాలువ తవ్వాలి, పూడిక తీయాలి.

ఒక నోటుబుక్కు పెట్టండి. పేజీ పైన ఒక వేరు, కింద దాని మాటలు, పక్కన తెలుగు అర్థం. వారానికి ఒక పేజీ చాలు. మొదటి పేజీకి పని నేనే ఇస్తున్నాను. నాగర్‌కర్నూల్ జిల్లాలో కల్వకుర్తి పథకం కృష్ణా నీళ్లను పైకి ఎత్తిపోసేది మోటార్లతోనే. మోటార్, మోషన్, ప్రమోషన్, ఎమోషన్, రిమోట్ అనే ఐదు మాటల్లో 'కదలిక' ఎక్కడుందో వెతకండి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మనలో నర్సులున్నారు, వకీళ్లున్నారు, వ్యవసాయాధికారులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఎవరి వృత్తిలోని మాటలు వాళ్లు, వేరు ఏమిటో చూసి, తెలుగు అర్థంతో ఇరవై రాసి పంపండి. ప్రతి తరగతి గదికి మాటల పుట్టుక చెప్పే ఒక మంచి నిఘంటువు కొనిద్దాం. మొదటి రెండు నిఘంటువులు ఈ రోజే ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తున్నాను.