పొరుగు రుచి: నాలుక నేర్చుకునే పాఠం

మానవుని ఇష్టానిష్టాలలో ఆహారానికి సంబంధించినవి మిక్కిలి దృఢమైనవని సామాన్యంగా భావిస్తారు. ఉన్న ఊరిని వదిలినవారు, వేషాన్ని మార్చుకున్నవారు, పరభాషను మాతృభాషవలె నేర్చినవారు సైతం చిన్ననాట వద్దన్న కూరను వృద్ధాప్యంలోనూ వద్దనే అంటారు. ఎవరి రుచి వారిది అన్న మాటతో చర్చ అక్కడికి ముగుస్తుంది. అయితే ఈ అయిష్టం పుట్టుకతో వచ్చి చివరివరకు నిలిచేదేనా? లేక అదికూడా నేర్చుకున్నదై, తిరిగి నేర్చుకొనుటకు వీలైనదేనా? ఈ ప్రశ్నకు గ్రంథాలలోనే కాక, ఒక రైల్వే పట్టణపు వంటయిళ్లలోకూడా సమాధానం లభిస్తుంది. ఆ పట్టణం బిలాస్‌పూర్.

అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బిలాసా అనే కేవట స్త్రీ పేరిట ఆ పేరు వచ్చిందని స్థానికుల విశ్వాసం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, నాగపూర్ నుండి అసన్సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయిన తరువాత బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా ఎదిగింది. అదే రైల్వే తూర్పు తీరంలో వాల్తేరు వరకు విస్తరించింది. 1931 నాటికి విజయనగరం, రాయపూర్‌లను కలిపే మార్గం కూడా పూర్తయింది. ఆ పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉద్యోగార్థం బిలాస్‌పూర్ చేరుకున్నాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా అవతరించింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రంగా బిలాస్‌పూర్ రూపొందింది. రాష్ట్రం పేరు, రైల్వే పేరు మారినా తెలుగు కుటుంబాలు అక్కడనే నిలిచి, తరాలుగా ఆ నేలకు చెందినవారయ్యాయి.

రైల్వే క్వార్టర్లలో ఒక ఇంటికి, మరొక ఇంటికి మధ్య ఉండేది ఒక్క గోడ. తెలుగువారి పక్కన ఛత్తీస్‌గఢీ కుటుంబం, దాని పక్కన బెంగాలీ కుటుంబం, ఆపైన ఒడియా కుటుంబం నివసించడం అక్కడ సాధారణ విషయం. భాష ఆ గోడను దాటుటకు కొంతకాలం పడుతుంది. తిరగమోత వాసన మాత్రం మొదటి రోజుననే దాటుతుంది. అందుచేత పొరుగువారిపై తొలి అభిప్రాయాన్ని చెవికంటె ముందుగా ముక్కు ఏర్పరచుకుంటుంది. ఆ అభిప్రాయం తరచుగా ప్రతికూలమే కావడంలో ఆశ్చర్యం లేదు.

అయిష్టానికి మూడు మూలాలున్నవి. మొదటిది శరీరానికి సంబంధించినది. చేదు పదార్థాలలో విషం ఉండవచ్చునన్న హెచ్చరిక మానవదేహంలో ఇమిడి ఉన్నది. పసిబిడ్డ తీపికి పెదవులు చప్పరించి, చేదుకు ముఖం చిట్లించడం ఇందుచేతనే. అందరి నాలుకలూ ఒక్కటి కావు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచినప్పుడు, పక్కనున్న సహోద్యోగికి అది చేదుగా తగిలింది. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఈ భేదం వంశపారంపర్యంగా వచ్చేదని తదుపరి పరిశోధనలు నిరూపించాయి. కనుక కాకరకాయను తిననని మారాం చేసే పిల్లవానిది కేవలం మొండితనమని తీర్మానించుట న్యాయం కాదు.

ఈ మొదటి మూలానికి మందు పాకశాస్త్రంలోనే ఉన్నది. కంద గొంతును దురదపెట్టుటకు కారణం అందులోని కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు, సూదులవంటివి. తెలుగు ఇల్లాలు కందకు బచ్చలి జతచేసి, చింతపండు పులుసుపోసి, ఆవపెట్టి వండుతుంది. ఛత్తీస్‌గఢ్ గృహిణి అదే కందను జిమీకంద్ అని పిలిచి, పులిసిన మజ్జిగతో కఢీగా వండుతుంది. పేర్లు వేరైనా ఇద్దరూ ఆశ్రయించినది పులుపునే. ఒకరి వంటను మరొకరు చూచి ఆశ్చర్యపోవలసినది భేదానికి కాదు, పోలికకు.

రెండవ మూలం అపరిచితత్వం. ఆవనూనె దీనికి చక్కని ఉదాహరణ. బెంగాలీ పొరుగింట మూకుడులో ఆవనూనె కాగుతుండగా ఆ ఘాటుకు కిటికీ మూసుకునే తెలుగు కుటుంబం, అదే పూట ఆవకాయను మాత్రం లొట్టలు వేస్తూ ఆరగిస్తుంది. ఆవకాయలోని ఆవపిండికి, పొరుగింటి ఆవనూనెకు ఘాటునిచ్చే పదార్థం ఒక్కటే. నాలుక అంగీకరించినదానినే ముక్కు నిరాకరించుటకు కారణం రసాయనంలో లేదు, అలవాటులో ఉన్నది. నూనెను పొగ వచ్చువరకు కాచిన తరువాత ఆ ఘాటు చాలవరకు తగ్గుతుందని పొరుగింటి వంట చూచినవారికి తెలుస్తుంది. కిటికీ మూసుకున్నవారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

అపరిచితత్వం ఎట్లా తొలగుతుందో పరిశోధకులు పరిశీలించారు. అమెరికాలో లియాన్ బర్చ్ బృందం 1982లో ప్రకటించిన అధ్యయనంలో, రెండేళ్ల పిల్లలకు కొత్త ఆహారాన్ని ఎన్నిసార్లు రుచి చూపితే దానిపై ఇష్టం అంతగా పెరిగింది. కంటితో చూచినంతమాత్రాన రుచి అలవడదని, నోట పెట్టుకొనవలసిందేనని 1987 నాటి మరొక అధ్యయనం తెలిపింది. ఒకటి రెండుసార్లు తిని, నచ్చలేదని తీర్పు చెప్పడం తొందరపాటు అన్నమాట.

సంఖ్యకంటె సాంగత్యానికి ఎక్కువ బలం ఉన్నది. ఒక కూరను ఇష్టపడని బాలుని, దానిని ఇష్టంగా తినే పిల్లల మధ్య కూర్చుండబెట్టగా, కొద్ది రోజులలోనే అతడు ఆ కూరను కోరుకొనసాగినట్లు 1980లో బర్చ్ ప్రకటించారు. అదే సంవత్సరం పాల్ రోజిన్, డెబోరా షిల్లర్ మిరపకాయపై తమ పరిశీలనలను వెలువరించారు. మెక్సికో గ్రామంలో పిల్లలకు కారాన్ని ఎవరూ బలవంతంగా తినిపించరు. పెద్దలు తినుట చూచి, కొద్దికొద్దిగా రుచిచూచి, ఆరేడేళ్లు వచ్చునప్పటికి వారే కారాన్ని కోరుకుంటారు. అదే గ్రామంలో మిగిలిన కారపు మెతుకులను రోజూ తినే కుక్కలకు, పందులకు మాత్రం ఆ ఇష్టం అలవడలేదు. రోజూ తినడం ఒక్కటే చాలితే వాటికీ అలవడి ఉండవలసింది. తోటివారితో కలిసి తినుటలో ఏదో విశేషమున్నది.

ఈ మిరపకాయ తెలుగువారికి కూడా ఒకనాడు పరాయిదే. అమెరికా ఖండంలో పుట్టిన ఈ కాయను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మనదేశానికి తెచ్చారు. అంతకుముందు తెలుగువారి కారం మిరియాలు, పిప్పళ్లు, అల్లం. నేడు మిరపపొడి లేని ఆంధ్ర భోజనాన్ని ఊహించుటయే కష్టం. ఒక జాతి మొత్తం కొత్త రుచిని నేర్చుకొని తన సొంతం చేసుకున్నప్పుడు, ఒక వ్యక్తికి అది అసాధ్యమనుట సమంజసం కాదు.

ఇక మూడవ మూలం అన్నిటికంటె లోతైనది. అది సిగ్గు. ఛత్తీస్‌గఢ్ శ్రామికుని నిత్యాహారం బోరే బాసీ. వండిన అన్నంలో నీరు పోసి కొంతసేపు నాననిచ్చినది బోరే, రాత్రంతా నానబెట్టి మరునాడు తినేది బాసీ. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పెరుగో మజ్జిగో, కొంచెం ఊరగాయ లేదా ఆకుకూర దానికి తోడు. మండు వేసవిలో పొలం పనికి, పట్టాల పనికి వెళ్లేవారికి అది చల్లని బలం. లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తిచేసే సూక్ష్మజీవులు రాత్రికి రాత్రి ఆ నీటికి పులుపునిస్తాయి. పెరుగును తోడుపెట్టేవి, ఇడ్లీపిండిని పులియజేసేవి ఆ జాతివే. ఇడ్లీని మెచ్చుకొని బాసీని ఈసడించేవాడు రుచిని గురించి మాట్లాడుట లేదు. తన హోదాను గురించి మాట్లాడుతున్నాడు.

ఇక్కడ బిలాస్‌పూర్ తెలుగువారికి ప్రత్యేకమైన పరీక్ష ఎదురవుతుంది. ఉత్తరాంధ్ర పల్లెలనుండి వచ్చిన తొలితరంవారికి చద్దన్నం, గంజి, తరవాణి కొత్తవి కావు. వార్చిన గంజిని కుండలో పులియబెట్టి, ఆ పుల్లని తరవాణిలో అన్నం కలుపుకొని వారు పొద్దుటి ఆకలి తీర్చుకున్నారు. పోతన భాగవత దశమస్కంధంలో గోపబాలురతో కలిసి శ్రీకృష్ణుడు ఆరగించినది చద్దియే. పెద్దల మాట చద్ది మూట అని తెలుగు సామెత. ఉద్యోగం స్థిరపడి, జీతం పెరిగిన ఇళ్లలో తరవాణి కుండ మూలకు చేరింది. ఆ స్థానంలో ఉప్మా, పూరీ వచ్చాయి. పిల్లలకు చద్ది పేదరికపు గుర్తుగా పరిచయమయింది. అటువంటి ఇంట పెరిగిన బాలిక పొరుగింటివారు ఆప్యాయంగా అందించిన బాసీ గిన్నెను చూచి ముఖం తిప్పుకున్నప్పుడు, ఆమె తిరస్కరించినది పొరుగువారి భోజనాన్ని మాత్రమే కాదు, తన అవ్వ భోజనాన్ని కూడా. గిన్నె అందించిన చేతికి తగిలిన నొప్పి కూడా చిన్నది కాదు. ఒకరి అన్నాన్ని అసహ్యించుకొని వారితో స్నేహం చేయగలమనుట భ్రమ.

సిగ్గుకు పాకశాస్త్రంలో మందు లేదు, గౌరవమే దానికి మందు. 2021లో ఆస్ట్రేలియాలో జరిగిన మాస్టర్‌షెఫ్ వంటల పోటీ తుదిఘట్టంలో, బంగ్లాదేశ్ మూలాలుగల కిష్వర్ చౌదరి, బాసీవంటిదే అయిన పాంతా భాత్‌ను న్యాయనిర్ణేతలముందు ఉంచి ప్రశంసలందుకున్నారు. 2022 మే 1న కార్మిక దినోత్సవాన ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం శ్రామికుల గౌరవార్థం బోరే బాసీని ఆరగించే వేడుకను నిర్వహించింది. ముఖ్యమంత్రి మొదలు అధికారుల వరకు ఎందరో ఆ గిన్నె ముందు కూర్చున్నారు. ఒడిశాలో పఖాళ, తమిళనాట పళయ సోరు, అస్సాంలో పొఇతా భాత్, తెలుగునాట చద్దన్నం: వరి పండే నేల అంతటా ఈ గిన్నె ఉన్నది. అన్నం అదే, నీరు అదే, మారినది పలుకుబడి మాత్రమే.

ఒక ఆహారాన్ని ఇష్టపడుట నేర్చుకొనదలచిన విద్యార్థికి ఈ పరిశీలనల సారం ఇంతే. కొద్దిగా తీసుకోవాలి, పలుమార్లు తీసుకోవాలి, దానిని ప్రేమించేవారి సరసన కూర్చుండి తీసుకోవాలి. బెదిరించి తినిపించిన కూరపై ద్వేషమే పెరుగుతుంది. ఇది తింటే మిఠాయి ఇస్తామన్న లంచం కూడా తుదకు ఆ కూరపై ఇష్టాన్ని తగ్గిస్తుందని పరిశోధనలు తెలిపాయి. అయితే ఒంటికి పడని ఆహారాన్ని, మతాచారం లేదా మనస్సాక్షి నిషేధించిన ఆహారాన్ని తినమని ఎవరినీ నిర్బంధించరాదు. బాసీని శుభ్రమైన పాత్రలో, మంచినీటితో తయారుచేయాలి. దుర్గంధం వచ్చినదానిని పారవేయాలి. గౌరవం వేరు, అజాగ్రత్త వేరు.

ఈ నేర్పు ఒకవైపునుండి మాత్రమే సాగరాదు. బిలాస్‌పూర్‌లోని బుధవారీ బజారులో ఛత్తీస్‌గఢీ స్త్రీ అమారీ భాజీ అని అడిగే ఆకు, తెలుగు ఇల్లాలు గోంగూర అని కొనే ఆకు ఒక్కటే. పండుగకు ఒక ఇంట అఇర్సా, పక్క ఇంట అరిసె వండుతారు. బియ్యప్పిండి, బెల్లం రెండింటికీ ఆధారం. గోంగూర పచ్చడిలోని కారానికి కన్నీరు పెట్టుకొని, అయినా మరునాడు మరికొంచెం అడిగిన పొరుగువారు కూడా తెలుగువారికోసం ఒక పాఠం నేర్చుకున్నవారే. జాతీయ సమైక్యతకు సభలు, తీర్మానాలు అవసరమే. కాని ఆ సభనుండి ఇంటికి తిరిగివచ్చిన తరువాత, గోడ అవతలినుండి వచ్చిన గిన్నెను రెండు చేతులా అందుకొని, మొదటి ముద్ద నచ్చకపోయినా రెండవ ముద్ద కలుపుకొనుట కూడా అంతే అవసరం.