పాత జీపు ఎత్తు పెంచుట: లాభమెంత, వెల ఎంత

కాజీపేట అనగానే తెలుగువారికి తొలుత స్ఫురించునది రైల్వే జంక్షను. సికింద్రాబాదు, బల్హార్షా, విజయవాడ మార్గములు ఇచ్చట కలియుచున్నవి. ఈ చదునైన ఇనుపదారుల ఊరినుండి హనుమకొండ మీదుగా ములుగు, తాడ్వాయి దిక్కునకు సాగినచో అడవి మొదలగును. పెద్దరోడ్డు విడిచి పల్లెలకు, చేలకు పోవు బాటలలో ఇసుక వాగులు, గండ్లు, వాన కురిసిన దినమున చక్రమును పట్టి వదలని రేగడి మన్ను ఎదురగును. నాలుగు చక్రములకును ఇంజను బలమందు పాత జీపులను కొందరు నేటికిని కాపాడుకొనుట అట్టి బాటల కొరకే. వారిలో పలువురి కోరిక, బండిని మరికొంత ఎత్తు చేయవలెనని. ఆ ఎత్తువలన కలుగు లాభమేమి, దానికి చెల్లింపవలసిన వెల ఏమి అని నేడు మనము విచారింతము.

1941 మొదలు 1945 వరకు అమెరికాలో యుద్ధము కొరకు తయారైన విల్లీస్ జీపు ఈ బండ్లకు మూలపురుషుడు. యుద్ధానంతరము మహీంద్రావారు మన దేశమున జీపులు కూర్చి అమ్మిరి. జబల్పూరు కర్మాగారమున సైన్యమునకై తయారైన జోంగాలు పిమ్మట వేలములలో ప్రజల చేతికి వచ్చినవి. ఈ బండ్లన్నిటి బరువును మోయునది కమానుపట్టీల కట్ట. పాత గూడ్సు వ్యాగనుల క్రింద అట్టి కట్టలను కాజీపేటవారు ఎరుగనివారు కారు.

ఎత్తు పెంచు పద్ధతులు ముఖ్యముగా మూడు. ఎక్కువ వంపుగల కమానులు వేయుట ఒకటి. కమాను ఇరుసు క్రింద నుండు బండ్లలో దానిని ఇరుసుపైకి మార్చుట రెండవది. చాసిసునకు, బాడీకి నడుమ దిమ్మలుంచుట మూడవది. వీనిలో ఏది చేసినను ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ నేలనుండి వెంట్రుకవాసియైనను లేవదు. ఇరుసు ఎత్తును నిర్ణయించునది చక్రమే గాని కమాను కాదు. టైరు అడ్డుకొలత 2 అంగుళములు పెరిగినప్పుడే డిఫరెన్షియల్ 1 అంగుళము లేచును. కమానులతో ఎత్తినందువలన చాసిసు గట్టులకు తగులకుండును. పెద్ద టైర్లకు చోటు దొరకును. దిమ్మలవలన బాడీ మాత్రమే లేచును గనుక టైర్లకు చోటే లాభము.

ఇక వెల సంగతి. కమానులతో బండి లేచినకొలది ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు హెచ్చి దాని జాయింట్లు త్వరగా అరుగును. స్టీరింగు కడ్డీ వాలిపోయి, గుంతలో చక్రము ఎగిరినప్పుడెల్ల బండి తనంత తాను ప్రక్కకు లాగును. బ్రేకు గొట్టములు పొట్టివై, చక్రము క్రిందికి జారినపుడు తెగు ప్రమాదము కలదు. పెద్ద టైర్లను ఆపుటకు పాత బ్రేకులు చాలవు. ముందు ఇరుసుకు, కమానుకు నడుమ దిమ్మలు ఎన్నడును పెట్టరాదు.

అన్నిటికంటె పెద్ద వెల పల్టీ భయము. బండి బరువంతయు కూడియున్నదని భావింపదగు బిందువును గరిమనాభి యందురు. ప్రక్కప్రక్క చక్రముల నడుమ ఎడము 48 అంగుళములు, గరిమనాభి నేలకు 24 అంగుళముల ఎత్తున ఉన్నవనుకొందము. నిలిచియున్న బండి ప్రక్కకు 45 డిగ్రీలు వాలువరకు పడదు. గరిమనాభి 4 అంగుళములు లేచినచో ఆ హద్దు సుమారు 41 డిగ్రీలకు దిగును. ఇది కాగితముమీది లెక్క. కమానులు వంగుట, టైర్లు అణగుట, మలుపులోని విసురు కలిసినపుడు బండి అంతకు ముందే పడును. వెనుక ఇంటిల్లిపాది కూర్చుండి, పైన మూటలు కట్టినపుడు చెప్పనక్కరలేదు.

చట్టమును కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు దీనినే గట్టిపరచినది. కావున పని మొదలిడక పూర్వమే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

కావున మేము చెప్పునది ఇది. మొదట సాగిపోయిన కమానులను మార్చి బండిని దాని సహజమైన ఎత్తునకు తెండు. ఏండ్ల బరువుకు అణగిన బండికి పలుమారు కావలసినది అంతియే. ఇసుక వాగు ఎదురైనపుడు టైర్లలో గాలి మూడవ వంతు వరకు తగ్గించినచో టైరు పరచుకొని కూరుకుపోక నడచును. తారురోడ్డు ఎక్కకముందే మరల గాలి నింపవలెను. నీటి లోతును కర్రతో చూచి గాని దిగరాదు. ఇన్నియు చేసిన పిమ్మటను ఎత్తు చాలదని తోచినచో, అనుమతి పొంది, ఒకటి రెండు అంగుళములతో తృప్తిపడి, షాఫ్టును, స్టీరింగును, బ్రేకు గొట్టములను దానికి తగినట్లు సరిచేయించుడు. ఎక్కినవారందరును క్షేమముగా ఇల్లు చేరుటయే మంచి బండికి గుర్తు.