పక్క చేను స్టార్టరు

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల నుంచి వచ్చి పట్టా అందుకుంటున్న వారికి బోరు మోటారు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. స్టార్టరు నొక్కితే తిరగాలి, ఆపితే ఆగాలి. ఎవరో వైరు లాగి దాన్ని పక్క చేను స్టార్టరుకు కలిపితే? అక్కడ మీట ఆన్‌లో ఉన్నంతసేపూ ఇక్కడ చేను మునుగుతూనే ఉంటుంది.

కొన్ని రక్త క్యాన్సర్లలో సీఆర్‌ఎల్‌ఎఫ్2 అనే జన్యువుకు జరిగేది ఇదే. ఎక్స్, వై క్రోమోజోములు రెండిటి కొసనా అది ఉంటుంది. కాబట్టి ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా రెండు ప్రతులే. అది తయారుచేసే గ్రాహకం కణం పైపొర మీద ఉండి, టీఎస్‌ఎల్‌పీ అనే సైటోకైన్ తెచ్చిన కబురును లోపలికి చేరవేస్తుంది. కొందరు పిల్లల్లో క్రోమోజోములో చిన్న ముక్క ఊడిపోయి, ఈ జన్యువు పొరుగున ఉన్న పీ2ఆర్‌వై8 అనే జన్యువు స్టార్టరుకు అతుక్కుంటుంది. బీ రకం తెల్లకణాల్లో ఆ స్టార్టరు ఎప్పుడూ ఆన్‌లోనే. గ్రాహకాలు గుట్టలుగా పేరుకుంటాయి. దానికి తోడు ఆ కబురును కణం లోపల ముందుకు నడిపే జాక్2 జన్యువు కూడా చెడితే, ఇక కబురు రాకపోయినా వచ్చినట్టే. ఎదగని తెల్లకణాలు మూలుగను నింపేస్తాయి.

2009లో ఈ అతుకు బయటపడింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో దాదాపు సగం కేసుల్లో ఇది కనిపించింది. జాక్‌ను అడ్డుకునే రుక్సోలిటినిబ్‌ను ఇలాంటి రోగులపై పరీక్షిస్తున్నారు.

అయినా ఈ పిల్లల చికిత్సకు వెన్నెముక ఇప్పటికీ పాత మందులే. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ వెనుక ఉన్నది భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుణ్ణి స్ప్రూ జబ్బు బలిగొంది. దాని మందు వెతుకుతూనే ఆయన ఫోలిక్ ఆమ్లం దాకా వెళ్లారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దాన్ని అడ్డుకునే, మెథోట్రెక్సేట్‌కు ముందటి మందైన అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ మందును లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకిచ్చారు. 10 మందికి కొంతకాలం జబ్బు నెమ్మదించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి డీఎన్‌ఏ ఆకారమే ఎవరికీ తెలియదు!

జన్యువు పేరు తెలియని రోజుల్లోనే మందు వచ్చింది. జన్యువు పేరు తెలిసిన ఈ రోజుల్లోనూ మొదటి మెట్టు మారలేదు: పాలిపోయిన బిడ్డ, తగ్గని జ్వరం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు, ఒక గాజు పలక మీద రక్తపు చుక్క. ఈ ఏడాది పట్టా తీసుకున్న వారిలో ఎవరో ఒకరు, ఆత్మకూరులోనో నెల్లూరులోనో, ఆ పలకను సూక్ష్మదర్శిని కింద పెడతారు.