కొండమీద లేని అధ్యక్షులు



పోయిన వారం మనం పేపరు చదువుతున్నాం. 'అమెరికా అధ్యక్షుడు' అన్న మాట దగ్గర ఒక అత్త ఆగిపోయింది. 'ధ' కింద యవొత్తు, ఆ పక్కన 'క్ష'. కూడబలుక్కుని చదివింది. చదివాక నన్నడిగింది: "ఇంత కష్టపడి చదివాను గదా, ఇంతకీ వాళ్లలో మంచోడు ఎవరమ్మాయ్?"

నాకు వెంటనే జవాబు రాలేదు. వారం రోజులు పుస్తకాలు తిరగేశాను. తెలిసింది ఇవాళ చెప్తాను. తప్పనిపిస్తే మధ్యలోనే ఆపి అడగండి.

మన దేశాన్ని ప్రధానమంత్రి నడిపిస్తాడు. అక్కడ అధ్యక్షుడు నడిపిస్తాడు. నాలుగేళ్లకొకసారి ఎన్నిక. ఆ దేశంలో రష్‌మోర్ అనే కొండ ఉంది. దానిమీద నలుగురు అధ్యక్షుల తలలు చెక్కారు. ఒక్కో తల దాదాపు అరవై అడుగుల ఎత్తు ఉంటుంది. వాషింగ్టన్, జెఫర్సన్, లింకన్, థియోడర్ రూజ్‌వెల్ట్. 1927లో మొదలుపెట్టి 1941లో ఆపారు. వాళ్లకు పేరు రావలసినంత వచ్చింది. వాళ్లను అలా ఉంచుదాం. కొండ ఎక్కనివాళ్ల సంగతి మాట్లాడుకుందాం.

మొదటివాడు చెస్టర్ ఆర్థర్. ఈ పేరు అమెరికాలోనే చాలామందికి గుర్తులేదు.

అప్పట్లో అక్కడ సర్కారు ఉద్యోగాలు ఎలా ఇచ్చేవాళ్లో తెలుసా? గెలిచిన పార్టీ తన మనుషులకు పంచేది. పని వచ్చా రాదా అని చూసేవాళ్లు కాదు. ఉద్యోగం ఇచ్చాక జీతంలో కొంత పార్టీకి చందా కట్టాలి. కట్టకపోతే ఇంటికి పొమ్మనేవాళ్లు. ఆర్థర్ ఈ పద్ధతిలోనే పైకొచ్చాడు. న్యూయార్క్ రేవులో పన్ను వసూలు చేసే పెద్ద ఆఫీసు అతని చేతిలో ఉండేది. 1878లో అప్పటి అధ్యక్షుడు అతన్ని తీసేశాడు. అలాంటివాడు 1881లో ఉపాధ్యక్షుడు అయ్యాడు.

ఆ ఏడు జూలై 2న అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను ఒకడు తుపాకితో కాల్చాడు. ఎందుకు? తనకు ఉద్యోగం ఇవ్వలేదని! గార్ఫీల్డ్ రెండున్నర నెలలు మంచంలో నరకం అనుభవించి చనిపోయాడు. ఇక ఆర్థరే అధ్యక్షుడు. జనం గుండెలు బాదుకున్నారు. పిల్లికి పాలు అప్పజెప్పినట్టయింది అనుకున్నారు.

ఇక్కడ మనలాంటి ఒక ఆడమనిషి వస్తుంది. పేరు జూలియా శాండ్. న్యూయార్క్‌లో ఉండేది. వయసు 31. ఒంట్లో బాగుండదు. ఎక్కువ కాలం ఇంట్లోనే. ఓటు కూడా లేదు. ఆ దేశంలో ఆడవాళ్లందరికీ ఓటు అని రాజ్యాంగంలో రాసింది 1920లో. ఆమె ఆర్థర్ ముఖం ఎరగదు. అయినా కాగితం, కలం తీసుకుని ఉత్తరం రాసింది. గార్ఫీల్డ్ ఇంకా బతికుండగానే రాసింది. మీరు గద్దె ఎక్కుతారంటే జనం భయపడుతున్నారు, ఆ మాట మీరు వినాలి, మీలో మంచి ఉంటే అది బయటికి రావలసింది ఇప్పుడే అని దాని సారం. బెదిరింపు లేదు. బతిమాలడమూ లేదు. అన్నకు చెల్లెలు చెప్పినట్టు చెప్పింది.

ఒకటి కాదు, 23 ఉత్తరాలు రాసింది. కొన్నిటిలో మెచ్చుకుంది. కొన్నిటిలో చీవాట్లు పెట్టింది. 1882 ఆగస్టులో ఒకరోజు ఆమె ఇంటి ముందు బండి ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? అధ్యక్షుడే. చాలాసేపు కూర్చుని మాట్లాడి వెళ్లాడు.

1883 జనవరిలో ఆర్థర్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. పరీక్ష పాసైన వాళ్లకే ఉద్యోగం. పార్టీకి చందా ఇవ్వలేదని ఎవరినీ తీసెయ్యకూడదు. మొదట పదింట ఒక వంతు ఉద్యోగాలకే ఇది వర్తించింది. తరవాత పెరిగింది. తను ఎక్కిన నిచ్చెనను తనే పడగొట్టడం అందరివల్లా కాదు.

అయితే ఆర్థర్ ఖాతాలో చెడ్డ పద్దు కూడా ఉంది. చైనా కూలీలు అమెరికాకు రాకూడదని 1882లో చేసిన చట్టం మీద సంతకం అతనిదే. ఇరవై ఏళ్ల నిషేధం తెస్తే వద్దన్నాడు. పదేళ్లు అని మార్చి తెస్తే సరేనన్నాడు.

1886లో చనిపోయే ముందు ఆర్థర్ తన కాగితాలు చాలా భాగం తగలబెట్టించాడు. జూలియా ఉత్తరాలు మాత్రం మిగిలాయి. 1958 తరవాతే లోకానికి వాటి సంగతి తెలిసింది. ఇప్పుడు మీరే చెప్పండి. ఆ చట్టం పేరు ఆర్థర్‌దా, జూలియాదా? చట్టం కావాలని ఇంకా చాలామంది కొట్లాడారు. అది నిజం. అయినా నేను ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

రెండోవాడు లిండన్ జాన్సన్. ఇతను నాలాగే టీచరు. అందుకే కొంచెం పక్షపాతం ఉంటుందేమో, చూసుకోండి. 1928లో చదువుకు డబ్బు చాలక కాలేజీ ఆపి, టెక్సాస్‌లో ఒక చిన్న ఊరి బడిలో చేరాడు. అక్కడ చదివేది మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్లలు. చాలామంది ఆకలితో బడికి వచ్చేవాళ్లు. అధ్యక్షుడయ్యాక కూడా ఆ పిల్లలను మరిచిపోలేదు.

నల్లవాళ్లకు ఓటు ఉందని 1870లోనే రాజ్యాంగంలో రాశారు. కాగితం మీద ఉంది, చేతికి రాలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఒక ఉపాయం పన్నారు. ఏమిటది? చదువు పరీక్ష! చదవడం, రాయడం వస్తేనే ఓటు. పాసా, ఫెయిలా అనేది తెల్ల ఆఫీసరు ఇష్టం. చదువురాని తెల్లవాడు పాసయ్యేవాడు. నల్ల టీచరు ఫెయిలయ్యేవాడు. అక్షరాన్ని తలుపుకు తాళంలా వేశారు. ఇది చదివినప్పుడు నాకు మన పలక గుర్తొచ్చి బాధ కలిగింది. మన దేశంలో 1951-52 నాటి మొదటి ఎన్నికల్లోనే చదువురాని అమ్మలు కూడా గుర్తు చూసి ఓటు వేశారు.

1965 మార్చి 7న సెల్మా అనే ఊళ్లో నల్లవాళ్లు ఓటు కోసం ఊరేగింపు తీశారు. వంతెన మీద పోలీసులు వాళ్లను చావగొట్టారు. ఆడవాళ్లనీ వదల్లేదు. టీవీలో దేశమంతా చూసింది. ఎనిమిది రోజులకు జాన్సన్ సభలో నిలబడి చట్టం కావాలన్నాడు. ఆగస్టు 6న సంతకం పెట్టాడు. ఆ రాష్ట్రాల్లో చదువు పరీక్ష ఆగింది. మిసిసిపీ రాష్ట్రంలో అంతకుముందు నల్లవాళ్లలో నూటికి ఏడుగురు కూడా ఓటరు జాబితాలో లేరు. 1967 నాటికి నూటికి దాదాపు 60 మంది చేరారు.

నిన్న ఈ సంగతి మా వీధి పెద్దమ్మకు చెప్పాను. ఆమె మెచ్చుకుంటుందని అనుకున్నా. "ఇంకేం చేశాడో అది కూడా చెప్పు" అంది. చెప్పక తప్పలేదు. అదే 1965లో అతను వియత్నాం యుద్ధానికి కాల్బలం పంపాడు. మూడేళ్లలో అక్కడ 5 లక్షల మంది అమెరికా సైనికులు ఉన్నారు. ఆ యుద్ధం మొత్తంలో 58 వేల మంది అమెరికా వాళ్లు చచ్చిపోయారు. వియత్నాం వాళ్లు లక్షల్లో పోయారు. పెద్దమ్మ విని, "ఆ తల్లుల్నడుగు, నీ జాన్సన్ ఎట్టాంటోడో" అంది. నేను నోరు మూసుకున్నాను.

మూడోవాడు జిమ్మీ కార్టర్. వేరుశనగ రైతు. 1977 నుంచి 1981 దాకా అధ్యక్షుడు. రెండోసారి ఓడిపోయాడు. వాళ్లమ్మ నర్సు. 1966లో, 68 ఏళ్ల వయసులో, బొంబాయి దగ్గర విక్రోలీకి వచ్చి సుమారు రెండేళ్లు మన రోగులకు సేవ చేసింది.

నారి కురుపు అంటే పెద్దవాళ్లకు తెలుసు. దిగుడు బావి నీళ్లలో కంటికి ఆనని పురుగులు ఉంటాయి. ఆ నీళ్లు తాగితే ఏడాదికి కాల్లోంచి దారంలాంటి పాము బయటికొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. మంట చల్లారాలని కాలు నీళ్లలో పెడితే మళ్లీ పిల్లలు నీళ్లలో కలుస్తాయి. దీనికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డలో వడగట్టి తాగడమే దారి. 1986లో లోకంలో దాదాపు 35 లక్షల మందికి ఈ జబ్బు ఉండేది. ఆ ఏడు కార్టర్ సంస్థ పని మొదలుపెట్టింది. 2023లో 14 మందికే వచ్చింది. మన దేశంలో, మన రాష్ట్రంలో దీన్ని పోగొట్టింది మన ఆరోగ్య కార్యకర్తలే. 1996 తరవాత ఇక్కడ ఒక్కటీ రాలేదు. కార్టర్ ఎక్కువగా ఆఫ్రికా ఊళ్లలో పనిచేయించాడు. 2024 డిసెంబరులో, నూరేళ్లు నిండాక చనిపోయాడు.

కానీ ఇదంతా గద్దె దిగాక చేసిన పని. దీన్ని అధ్యక్షుడి లెక్కలో వెయ్యొచ్చా? వెయ్యకూడదని నా ఉద్దేశం. మంచి మనిషి ఎవరంటే కార్టర్ పేరు చెప్తాను. అధ్యక్షుడిగా ఎవరికి ఇంకొంచెం పేరు దక్కాలంటే, జాన్సన్ అంటాను. పెద్దమ్మ మాట విన్నాక గట్టిగా అనలేకపోతున్నాను.

నా మాట అయింది. ఇక మీ వంతు. జూలియా పేరు చెప్పినా ఒప్పుకుంటాను. పెద్దమ్మ అప్పుడే చెయ్యి ఎత్తి కూర్చుంది. ముందు ఆమెను మాట్లాడనిద్దాం.