స్టీరింగు ముందు కాపలా



నేను ఒక మాస్టారి దగ్గర మెకానికల్ ఇంజనీరింగు చదువుకున్నాను. లేబులో కొత్త మిషను ముందు నిలబెట్టి ఆయన ఒకే ప్రశ్న అడిగేవారు: ఇది పాడైతే ముందు ఎవరికి తెలుస్తుంది? గేజీ పేరు చెప్పినవాడికి మార్కు పడేది కాదు. మిషను దగ్గర నిలబడే మనిషి ఎవరు, ఆ సమయానికి ఏం చేస్తుంటాడు అన్నది చెప్పాలి. అందుకే ఈ సాయంత్రం తనంతట తాను నడిచే కారు గురించి కాక, అందులో కూర్చున్న మనిషి గురించి మాట్లాడదామనుకున్నాను.

మొన్న సంక్రాంతి ముందు మా మేనల్లుడు కొత్త కారులో నన్ను ఔటర్ రింగు రోడ్డు మీద శంషాబాదు నుంచి పటాన్‌చెరు వైపు తీసుకెళ్ళాడు. కారు తన లేను తానే పట్టుకుని పోతోంది. ముందున్న బండి నెమ్మదిస్తే తానూ నెమ్మదిస్తోంది. మొదట్లో వాడు స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు. అప్పా జంక్షను దాటాక ఒక చెయ్యి తీశాడు. నార్సింగి వచ్చేసరికి రెండోదీ తీశాడు. నానక్‌రామ్‌గూడ దగ్గర ఫోను తీశాడు.

“ఒరే, రోడ్డు చూడరా” అన్నాను.

“అదే చూసుకుంటుంది మావయ్యా” అన్నాడు.

ఇంకాస్త దూరం పోయాక రోడ్డు మీద గీతలు చెరిగిపోయిన చోటు వచ్చింది. కారు కీచుమంది. డాష్‌బోర్డు మీద పచ్చగా వెలుగుతున్న స్టీరింగు బొమ్మ ఎర్రబడింది. వాడు ఫోను ఒళ్ళో పడేసి స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకున్నాక కూడా కారు రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నాకు భయం. మర్నాడు వాడు అప్పా జంక్షను దగ్గరే ఫోను తీస్తాడు.

వాణ్ణి తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాడు మంచి డ్రైవరు. కారే వాడి ఉద్యోగం మార్చేసింది. డ్రైవరు పని తీసేసుకుని కాపలా పని అప్పజెప్పింది.

అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 2014లో ఈ బండ్లను సున్నా నుంచి ఐదు దాకా ఆరు మెట్లుగా విడగొట్టింది. ఇక్కడున్న విద్యార్థులకు ఆ పట్టిక కంఠతా వచ్చు కాబట్టి మళ్ళీ అప్పజెప్పను. చిక్కంతా రెండో మెట్టు, మూడో మెట్టు దగ్గరే ఉంది. రెండో మెట్టులో కారు నడుస్తూంటే మనిషి కన్ను తిప్పకుండా కనిపెట్టుకుని ఉండాలి. మూడో మెట్టులో కన్ను తిప్పుకోవచ్చు, కారు పిలిస్తే మాత్రం పలకాలి. మా మేనల్లుడి కారు రెండో మెట్టుది. వాడు మాత్రం దాన్ని, మనిషి పలకాల్సిన పనే లేని నాలుగో మెట్టు అనుకుని కూర్చున్నాడు.

కాపలా ఎంత కష్టమో రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి తెలిసొచ్చింది. జలాంతర్గాముల కోసం రాడార్ తెర ముందు కూర్చున్న కుర్రాళ్ళు కొంతసేపటికి కళ్ళ ముందున్న గుర్తునే వదిలేస్తున్నారు. నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త దీన్ని తేల్చడానికి ఒక గడియారం చేయించాడు. దాని మీద అంకెలు లేవు, ఒకే ముల్లు. అది సెకనుకొక గెంతు గెంతుతుంది. ఎప్పుడో అరుదుగా రెండు గెంతుల దూరం ఒకేసారి దూకుతుంది. అప్పుడు మీట నొక్కాలి. రెండు గంటల పాటు అదే పని. అరగంట తిరిగేసరికే తప్పిపోయే గెంతులు పెరిగిపోయాయి. 1948లో ఆయన ఈ ఫలితాలు ప్రచురించాడు. బద్ధకస్తుల మీద చేసిన పరీక్ష కాదిది, ప్రాణాలకు తెగించి పనిచేసే కుర్రాళ్ళ మీద చేసినది.

మా ఊరి జొన్నచేలల్లో మంచెలు వేసేవారు. పిట్టలు వాలుతున్నంతసేపూ వడిసెల పట్టుకున్న పిల్లవాడికి నిద్ర రాదు. పిట్ట అలికిడి లేని మధ్యాహ్నమే వాడి కన్ను మూతపడేది, చేను పోయేదీ ఆ మధ్యాహ్నమే. మా కాలనీలో రాత్రి గస్తీ తిరిగే గూర్ఖా గంటగంటకీ కరెంటు స్తంభాన్ని కర్రతో కొట్టేవాడు. దొంగల్ని బెదరగొట్టడానికి అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగితే, “నాకు నిద్ర రాకుండా సార్” అన్నాడు. మాక్‌వర్త్ పేరు అతను విని ఉండడు.

1983లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఐదు పేజీల వ్యాసం రాశారు. ఆవిడ దృష్టి కార్ల మీద లేదు, కర్మాగారాల కంట్రోలు రూముల మీద ఉంది. మనిషి పొరపాటు చేస్తాడని ఇంజనీరు అతన్ని పక్కకు తప్పిస్తాడు. తీరా యంత్రానికి చేతకాని పనులన్నీ, అంటే మరీ కష్టమైనవన్నీ, ఆ మనిషికే మిగులుస్తాడు. రోజూ చెయ్యకపోవడంతో అతని చెయ్యి మొద్దుబారుతుంది, ఏడాదికొక్కసారి పిలుపొచ్చిన నిమిషంలో మాత్రం నిపుణుడిలా స్పందించాలంటారు. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో ఇదే జరిగింది. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పట్టి ఆటోపైలట్ తప్పుకుంది. విమానం ఒక్కసారిగా పైలట్ల చేతుల్లో పడింది. 228 మంది పోయారు. ఈ విషయంలో నేను చదివినవాటన్నిటిలోకీ ఆ ఐదు పేజీలదే పైచెయ్యి అంటాను. విద్యార్థులు మిగతావి తర్వాత చదువుకోవచ్చు.

రోడ్డు మీదికి వద్దాం. 2016 మే 7న ఫ్లోరిడాలో విల్లిస్టన్ దగ్గర ఒక టెస్లా కారు అడ్డంగా వచ్చిన ట్రెయిలర్ లారీ కిందికి దూరిపోయింది, నడిపే మనిషి చనిపోయాడు. అమెరికా రవాణా భద్రతా బోర్డు లెక్క తీసింది: 41 నిమిషాల ప్రయాణంలో 37 నిమిషాలు ఆటోపైలట్ పనిచేసింది, అతని చెయ్యి స్టీరింగును తాకినట్టు తెలిసింది 25 సెకన్లు. రెండేళ్ళ తర్వాత, 2018 మార్చి 18 రాత్రి, ఆరిజోనాలోని టెంపీలో ఊబర్ ప్రయోగాత్మక కారు సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను గుద్ది చంపింది. కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. ఆ వేగంలో అది నూరు మీటర్ల పైమాటే. కానీ ఆమెను ఒకసారి బండి అనుకుంది, ఒకసారి ఇంకేదో వస్తువు అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఊహే ఆ ప్రోగ్రాములో లేదు. వోల్వో కంపెనీ ఆ కారుకు పెట్టిచ్చిన అత్యవసర బ్రేకును కంప్యూటరు నడుపుతున్నప్పుడు పనిచెయ్యకుండా చేశారు. అంతకుముందు కారులో ఇద్దరు ఉద్యోగులుండేవారు, ఒకరిని తీసేశారు. మిగిలిన ఒక్కరూ ఫోనులో ఏదో కార్యక్రమం చూస్తున్నారు. చివరికి కోర్టు బోను ఎక్కింది ఆ ఒక్కరే. తప్పు లేదని నేను అనను. అంతమంది చేసిన తప్పుల్లో ఒక మనిషి మెడకు చుట్టడానికి వీలైనది అదొక్కటే అయింది.

ఫోను లాక్కుంటే సరిపోతుందా? ఆ ఆశ నాకూ ఉండేది. 2018లో అచ్చయిన తమ వ్యాసంతో వోల్వో పరిశోధకులు దాన్ని పోగొట్టారు. పరీక్షా ట్రాకు మీద 76 మందిని కారులో కూర్చోబెట్టారు. కారు ఏ తప్పూ చెయ్యకుండా చక్కగా నడుస్తూ వచ్చింది. చివర్లో దారిలో ఒక చెత్తసంచి, లేదా ఆగి ఉన్న కారు. దాన్ని తప్పించడం డ్రైవరు పని అని ముందే చెప్పారు. 21 మంది నేరుగా వెళ్ళి గుద్దారు. వాళ్ళ చూపు అటే ఉంది, ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే ఉంది. కారే తప్పిస్తుందిలే అనుకున్నారు. కన్ను రోడ్డు మీద ఉందా లేదా అని కెమెరా చెప్పగలదు. మనసు ఎక్కడుందో ఏ కెమెరా చెబుతుంది?

పిలిస్తే పలకడం సంగతీ ఇంతే. కీచు వినబడగానే కన్ను రోడ్డు మీదికి వచ్చేస్తుంది, వెనకే చెయ్యీ వస్తుంది. బుద్ధి రావడానికే ఆలస్యం. లీడ్స్ విశ్వవిద్యాలయంలో 2014లో నతాషా మెరాత్, ఆమె సహచరులు సిమ్యులేటరులో చూస్తే, స్టీరింగు చేతికొచ్చాక డ్రైవరు కుదురుగా లేనులో నడపడానికి 35 నుంచి 40 సెకన్లు పట్టింది. మా మేనల్లుడి కారు ఊగడం గుర్తుంది కదా. ఐక్యరాజ్యసమితి 2020లో మూడో మెట్టు కార్లకు ఆమోదించిన నిబంధనలో డ్రైవరుకు ఇచ్చే గడువు 10 సెకన్లు. గంటకు నూరు కిలోమీటర్ల వేగంలో పది సెకన్లంటే 278 మీటర్లు. అంత దూరం ముందుగా ప్రమాదాన్ని పసిగట్టగల కారుకు మనిషిని లేపాల్సిన అవసరం అసలు ఎందుకొస్తుంది?

గూగుల్ ఈ చిక్కును ముందే చూసింది. 2013 ప్రాంతంలో తన ఉద్యోగులకే కార్లిచ్చి లోపల కెమెరాలు పెడితే ఒకరు మేకప్ చేసుకుంటున్నారు, ఒకరు నిద్రపోతున్నారు. మనిషికి పగ్గాలు తిరిగి అప్పగించే ఆలోచననే ఆ కంపెనీ వదిలేసింది. బ్రిటన్ 2024లో చేసిన చట్టం ఇంకో మాట తేల్చింది: అనుమతి పొందిన కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు నడక తప్పితే లోపల కూర్చున్న మనిషిని శిక్షించరు. నాకు న్యాయంగా తోచింది అదే.

నూటికి 94 ప్రమాదాలు మనిషి తప్పువల్లేనన్న అంకెను మీరు చాలా ప్రకటనల్లో చూసి ఉంటారు. అది అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రమాదాల్లో ఆఖరి ఘట్టానికి కారణంగా చెప్పినది. రోడ్డు వంకర, వీధిదీపం లేకపోవడం, ఇరవై గంటల డ్యూటీ, ఇవన్నీ ఆఖరి ఘట్టానికి ముందున్నవి. ఆ అంకె ఎవరికి ఉపయోగపడుతోందో ఆలోచించండి.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్ళే నూటికి 44 మందికి పైన. డ్రైవరు లేని కార్లను రానివ్వబోమని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా గడ్కరీగారు 2017లోనే చెప్పారు. ఉద్యోగాల దృష్టితో అన్న మాట అది, కాదనను. డ్రైవరు ఉండీ లేనట్టుండే కార్లు మాత్రం షోరూముల్లోకి వచ్చేశాయి. ఇటు కందిలోని ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అనే పరీక్షా ప్రాంగణం 2022 జూలైలో మొదలైంది. రాంగ్ రూటులో ఎదురొచ్చే బైకును, నడిరోడ్డున నెమరేస్తున్న గేదెను కారు గుర్తుపడుతుందా అని పరీక్షించడానికి మనకొక చోటంటూ ఉంది, సంతోషం. కారు నడుస్తూండగా మన డ్రైవరు ఏం చేస్తాడో కూడా అక్కడే, అంత శ్రద్ధగానూ చూడాలని కోరుతున్నాను. మన లారీల్లో ఆ చదువు ఎప్పట్నుంచో ఉంది. రాత్రి ప్రయాణంలో క్లీనరుకు డ్రైవరుతో కబుర్లు చెప్పడం కూడా డ్యూటీయే. డ్రైవరు మాట తడబడితే టీ కొట్టు దగ్గర ఆపించేది అతనే. ఒక మనిషి మెలకువను ఇంకో మనిషి కనిపెట్టి ఉండడం అది. కారు తయారుచేసేవాళ్ళు ఆ క్లీనరు దగ్గర కూర్చుంటే బాగుండును.

మీలో కొత్త కార్లున్నవారికి చిన్న మనవి. డాష్‌బోర్డు అరలో మందపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఈ ఏర్పాటు ఎక్కడ పనిచెయ్యదో, బాధ్యత ఎవరిదో అందులో రాసి ఉంటుంది. ఆ పేజీలు మా మేనల్లుడి చేత నేను పైకి చదివించాను, ఇరవై నిమిషాలు పట్టింది. ఈ ఆదివారం మీ ఇంట్లోనూ ఎవరిచేతనైనా చదివించండి.