ఎడ్వార్డో పద్రోన్: ఒక కాలేజీ, ఒక నగరం

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల ప్రభుత్వ కళాశాల. హైస్కూలు గట్టెక్కినవాళ్లు ఎవరైనా చేరవచ్చు. మార్కుల వడపోత ఉండదు, ఫీజు విశ్వవిద్యాలయాల కంటే బాగా తక్కువ. రెండేళ్లు ముగిశాక కొందరు విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలో చేరతారు, కొందరు నేర్చిన పనితో ఉద్యోగంలోకి వెళతారు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైనప్పుడు దీన్ని జూనియర్ కాలేజీ అన్నారు. తెలుగునాట ఇంటర్మీడియట్ చెప్పే జూనియర్ కాలేజీతో పోలిక పేరు వరకే. 1947లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇచ్చిన నివేదికతో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు స్థిరపడింది. అందరినీ చేర్చుకునే కాలేజీలోకి ఊళ్లోని తగాదాలు కూడా నడిచివస్తాయి. కాబట్టి దాని అధ్యక్షుడు ఊరి వ్యవహారాలకు దూరంగా ఉండలేడు. 1995 నుంచి 2019 వరకు ఫ్లోరిడాలోని మయామీ డేడ్ కాలేజీని నడిపిన ఎడ్వార్డో పద్రోన్ అలా ఉండాలని కోరుకోనూ లేదు.

పద్రోన్ క్యూబాలో పుట్టారు. కాస్ట్రో అధికారానికి వచ్చాక ఎందరో తల్లిదండ్రులు పిల్లలను ఒంటరిగా విమానమెక్కించి అమెరికాకు పంపారు. ఆపరేషన్ పెడ్రో పాన్ అనే ఆ ఏర్పాటు కింద 1960–62 మధ్య 14,000 మందికి పైగా పిల్లలు వచ్చారు. వాళ్లలో 1961లో తమ్ముడితో దిగిన పదిహేనేళ్ల పద్రోన్ ఒకరు. ఎలాగైనా కాలేజీ చదువు చదవాలని తల్లి మాట తీసుకుని పంపారు. పేరున్న విశ్వవిద్యాలయాలు కాదన్నాయి. చోటిచ్చింది 1960లో తెరిచిన డేడ్ కౌంటీ జూనియర్ కాలేజీ, అంటే ఇప్పటి మయామీ డేడ్. తొలి తరగతులు పాత కోళ్లషెడ్లలో జరగడంతో దాన్ని కోళ్లగూటి కాలేజీ అని ఎగతాళి చేసేవారు. అయితే జాతి వివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాది రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థులను మొదటి నుంచే చేర్చుకున్న కాలేజీ అది.

అక్కడి నుంచి పై చదువులకు వెళ్లి, 1970లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. డూపాంట్ కంపెనీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఒక్క ఏడాది పాఠం చెప్పి వెళ్లమని కాలేజీ అధ్యక్షుడు పీటర్ మసికో అడిగారు. ఆ ఏడాది దాదాపు యాభై ఏళ్లు సాగింది.

1980లో నగరం నడిబొడ్డున ఉన్న వుల్ఫ్‌సన్ క్యాంపస్ బాధ్యత పద్రోన్‌కు వచ్చింది. మయామీకి అంతకంటే చెడ్డ ఏడాది లేదు. ఆర్థర్ మెక్‌డఫీ అనే నల్లజాతీయుణ్ణి కొట్టి చంపిన కేసులో పోలీసులు నిర్దోషులుగా బయటపడటంతో మే నెలలో అల్లర్లు చెలరేగి 18 మంది చనిపోయారు. అదే వేసవిలో మారియెల్ రేవు నుంచి పడవల మీద సుమారు 1,25,000 మంది క్యూబన్లు వచ్చారు. నవంబరులో కౌంటీ ఓటర్లు ప్రభుత్వ డబ్బుతో ఇంగ్లీషు తప్ప మరో భాషను ప్రోత్సహించరాదని తీర్పిచ్చారు. ఆ నిబంధన 1993 దాకా తొలగలేదు. చీకటి పడితే జనం అడుగుపెట్టని డౌన్‌టౌన్‌లో, స్పానిష్ మాట్లాడే విద్యార్థులతో నిండిన క్యాంపస్‌ను నడపడమంటే పాఠాల పట్టిక వేసుకోవడంతో తీరే పని కాదు.

1984లో పుస్తక విక్రేత మిచెల్ కప్లాన్ తదితరులతో కలిసి ఆ క్యాంపస్ వీధుల్లోనే పుస్తకాల పండుగ పెట్టారు. అదే ఇప్పటి మయామీ బుక్ ఫెయిర్. ఇంగ్లీషు రచయితలతో పాటు స్పానిష్ రచయితలకూ వేదిక ఉంటుంది. నగరం కోసం పద్రోన్ చేసిన పనుల్లో దీనికే మొదటి స్థానం ఇవ్వాలి. అల్లర్ల ఊరన్న పేరుపడ్డ చోటికి కుటుంబాలు పిల్లలతో రావడం మొదలైంది.

అధ్యక్షుడయ్యాక చేసినవన్నీ అందరికీ నచ్చలేదు. పొదుపు పేరిట తెచ్చిన మార్పులు అధ్యాపకులకు కష్టం కలిగించాయి. 1998లో వారు యూనియన్ పెట్టుకున్నారు. నాలుగేళ్ల డిగ్రీలు ఇచ్చే అధికారం వచ్చాక, 2003లో పేరులోంచి కమ్యూనిటీ అన్న మాట తీసేశారు. పాత స్వభావం పోతుందని విమర్శ వచ్చింది. ప్రవేశం మాత్రం అందరికీ అలాగే కొనసాగింది, ఏటా చదివేవారి సంఖ్య 1,60,000 దాటింది. కాగితాలు లేని వలస విద్యార్థుల పక్షాన పద్రోన్ బాహాటంగా మాట్లాడారు. కాలేజీ కోసం అర సెంటు అమ్మకం పన్ను ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెట్టనివ్వమని అడిగితే, రాష్ట్ర చట్టసభ ఒప్పుకోలేదు. ఇది ఆయనకు తీరని పెద్ద కోరిక.

మయామీలో 1925లో ఒక దినపత్రిక కోసం కట్టిన ఫ్రీడమ్ టవర్ 1962 నుంచి 1974 దాకా క్యూబా శరణార్థుల కేంద్రం. 2005లో దాన్ని కాలేజీకి దానంగా ఇచ్చారు. శరణార్థిగా వచ్చిన కుర్రవాడు అధ్యక్షుడిగా ఉండగానే ఆ భవనం కాలేజీ చేతికి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. మయామీలో మాత్రం ఎవరూ అలా అనుకోరు.

2016 నవంబరులో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. 2019లో పదవీ విరమణ చేశారు. క్యూబన్లు ఎక్కువగా స్థిరపడిన లిటిల్ హవానాలోని కాలేజీ క్యాంపస్‌కు ఇప్పుడు ఆయన పేరే.