పట్టు ప్రొటీన్‌ని మార్చితే పేటెంట్ వస్తుందా? ఎగ్జామినర్ ఏం చూస్తారు?

ఇవాళ టాపిక్ పట్టు. చీరల గురించి కాదు, పట్టు లోపల ఉండే ప్రొటీన్ గురించి. ఆ ప్రొటీన్‌కి ల్యాబ్‌లో కెమికల్ మార్పులు చేసి, "ఇది నేను తయారుచేసిన కొత్త మెటీరియల్, దీనిమీద 20 ఏళ్లు హక్కు నాకివ్వండి" అని పేటెంట్ ఆఫీసుకి వెళ్లాం అనుకోండి. అక్కడ ఎగ్జామినర్ ఏం చూస్తారు? ఏ ప్రశ్న దగ్గర మన అప్లికేషన్ ఆగిపోతుంది? ఇది తెలిస్తే మీరు బయోటెక్ అయినా, మెకానికల్ అయినా, ఏ ప్రాజెక్టు చేస్తున్నా పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్తున్నా, నేను లాయర్‌ని కాదు. మీ సొంత కేసు ఉంటే పేటెంట్ ఏజెంట్‌ని కలవండి.

ముందు పట్టు సంగతి రెండు నిమిషాల్లో చూద్దాం.

పట్టుకాయలో ప్రధానంగా రెండు ప్రొటీన్లు ఉంటాయి. లోపల దారం ఫైబ్రాయిన్. దాని చుట్టూ ఉండే జిగురు సెరిసిన్. బరువులో సుమారు 70 నుంచి 80 శాతం ఫైబ్రాయిన్, మిగతాది ఎక్కువగా సెరిసిన్. ల్యాబ్‌లో ఏం చేస్తారంటే, కాయల్ని ముక్కలుగా కోసి సోడియం కార్బొనేట్, అంటే మన వాషింగ్ సోడా, కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. జిగురు పోతుంది. మిగిలిన ఫైబ్రాయిన్‌ని గాఢమైన లిథియం బ్రోమైడ్ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. తర్వాత డయాలిసిస్ చేసి ఆ ఉప్పుని తీసేస్తారు. చివరికి చేతిలో మిగిలేది పట్టు నీళ్లు. దాన్నే ఫిల్మ్ చేయొచ్చు, స్పాంజి చేయొచ్చు, జెల్ చేయొచ్చు.

మరి కెమికల్ మార్పు అంటే ఏంటి? ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఫైబ్రాయిన్‌లో ఎక్కువ భాగం గ్లైసిన్, అలనిన్. ఈ రెండూ పెద్దగా రియాక్ట్ అవ్వవు. కానీ మధ్యమధ్యలో సెరిన్ ఉంటుంది, సుమారు 5 శాతం టైరోసిన్ ఉంటుంది, కొద్దిగా ఆమ్ల గుణం ఉన్నవి ఉంటాయి. కొత్త గ్రూపుల్ని తగిలించడానికి ఇవి కొక్కేల్లాంటివి. ఒక కొక్కేనికి ఒకటి తగిలిస్తే కణాలు దానికి బాగా అతుక్కుంటాయి. ఇంకోటి తగిలిస్తే లైట్ పడగానే గట్టిపడుతుంది. గాయాలకి వేసే జెల్, 3డి ప్రింటింగ్ ఇంక్, ఎముక పెరగడానికి ఆసరా ఇచ్చే స్పాంజి, ఇలాంటివన్నీ ఇక్కడినుంచే వస్తాయి.

ఇప్పుడు ఆఫీసుకి వెళ్దాం. మన ఆంధ్ర, తెలంగాణ అప్లికేషన్లు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. వేసిన అప్లికేషన్ మామూలుగా 18 నెలల తర్వాత పబ్లిష్ అవుతుంది. కానీ అప్లికేషన్ వేశాం కదా అని ఎవరూ వాళ్లంతట వాళ్లు పరిశీలించరు. "ఎగ్జామిన్ చేయండి" అని వేరే రిక్వెస్ట్ పెట్టాలి. 2024 మార్చిలో మారిన రూల్స్ ప్రకారం దానికి గడువు 31 నెలలు, అంతకుముందు 48 ఉండేది. ఆ తర్వాత ఎగ్జామినర్ తన అభ్యంతరాలన్నీ రాసి మొదటి రిపోర్ట్ పంపిస్తారు. జవాబుకి 6 నెలలు. అసలు ఆట అక్కడే మొదలవుతుంది.

ఒక ఊహాజనిత అప్లికేషన్ తీసుకుందాం. మొదటి క్లెయిమ్ ఇలా రాశాం: "రసాయనికంగా మార్చిన పట్టు ప్రొటీన్ ఉన్న మెటీరియల్." చూడ్డానికి భలే ఉంది కదా? ప్రపంచంలో మార్చిన పట్టు అంతా మనదే అన్నట్టు ఉంది. పేటెంట్‌లో హక్కు ఎంతవరకు అనేది చెప్పేది క్లెయిమ్ మాత్రమే. మిగతా యాభై పేజీలు దానికి వివరణ. అందుకే ఎగ్జామినర్ కళ్లు ముందు ఈ ఒక్క వాక్యం మీదే ఉంటాయి.

మొదటి ప్రశ్న: ఇది కొత్తదా? ఎగ్జామినర్ వెతకడం గూగుల్‌లో రెండు పదాలు కొట్టినట్టు ఉండదు. ప్రపంచంలోని పేటెంట్లన్నిటికీ వర్గీకరణ కోడ్‌లు ఉంటాయి. ప్రొటీన్లకి సి07కె, ఫైబ్రాయిన్‌తో చేసిన కృత్రిమ దారాలకి డి01ఎఫ్ 4/02, ఇలా. ఆ అరల్లో వెతుకుతారు, రీసెర్చ్ పేపర్లలో వెతుకుతారు. మన క్లెయిమ్‌కి ఏం దొరుకుతుందో చూడండి. 2001లోనే కణాలు పట్టుకునే చిన్న పెప్టైడ్‌ని ఫైబ్రాయిన్‌కి అతికించి ఎముక కణాలు పెంచిన పేపర్ ఉంది. 2008లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీలో డేవిడ్ కాప్లాన్ బృందం డయాజోనియం కెమిస్ట్రీతో టైరోసిన్‌ని మార్చి చూపించింది. 2018లో కొరియా శాస్త్రవేత్తలు మెథాక్రిలేట్ గ్రూపులు తగిలించి, లైట్‌తో ప్రింట్ అయ్యే పట్టు ఇంక్ చేశారు. ఇందులో ఏ ఒక్కటి చూపించినా మన మొదటి క్లెయిమ్ పోయినట్టే. వెడల్పుగా వల వేస్తే పాత చేపలు కూడా పడతాయి. అవి మనవి కావు.

సరే, తెలివిగా ఒక నంబర్ పెడదాం. "అణుభారం ఇంత నుంచి ఇంత మధ్య ఉన్న ఫైబ్రాయిన్" అని రాద్దాం. పాత పేపర్లలో ఎవరూ ఆ నంబర్ రాయలేదు కాబట్టి కొత్తదే కదా? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పట్టుని సోడాలో ఎంతసేపు ఉడికిస్తే గొలుసులు అంతగా తెగుతాయి, అణుభారం అంతగా తగ్గుతుంది. పాత పేపర్‌లో వాళ్లు 30 నిమిషాలు ఉడికించారు, మనమూ అదే సోడాలో 30 నిమిషాలే ఉడికించాం. మరి వచ్చేది వేరే ఎలా అవుతుంది? వాళ్లు కొలవకపోయినా ఆ గుణం అందులో ఉన్నట్టే. అమెరికాలో 1977 నాటి బెస్ట్ కేసు నుంచి ఈ లెక్క నడుస్తోంది. పద్ధతి ఒకటే అయినప్పుడు, వస్తువు వేరు అని ప్రయోగం చేసి చూపించాల్సిన బాధ్యత అప్లికేషన్ వేసినవాళ్లదే. కొత్త స్కేలు పెట్టి పాత బల్లని కొలిస్తే బల్ల కొత్తదైపోదు.

రెండో ప్రశ్న: కొత్తదే, కానీ ఆ రంగం తెలిసినవాళ్లకి ఇట్టే తట్టేదా? మన దగ్గరి ఉదాహరణ చెప్తా. మంచిర్యాల జిల్లా చెన్నూరు, భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పండిస్తారు. టస్సార్ అంటాం కదా, అదే. ఇది మల్బరీ పట్టుపురుగు కాదు, వేరే జాతి. ఇప్పుడు మనం 2018 పేపర్‌లోని మెథాక్రిలేట్ కెమిస్ట్రీనే దసలి పట్టు మీద చేశాం అనుకోండి. ఎగ్జామినర్ అంటారు: "ఆ పేపర్ ఉంది, దసలి పట్టు గురించి పేపర్లు ఉన్నాయి, రెండూ కలిపితే మీ ఐడియా వచ్చేస్తుంది." ఇక్కడ మన దగ్గర జవాబు ఉందా? ఉండొచ్చు. మల్బరీ పట్టు హాయిగా కరిగిపోయే లిథియం బ్రోమైడ్ ద్రావణంలో దసలి పట్టు సరిగ్గా కరగదు. దాని గొలుసులో అలనిన్‌లు వరుసగా పేర్చినట్టు ఉంటాయి, గట్టిగా బిగుసుకుంటాయి. అంటే పేపర్లో ఉన్నది ఉన్నట్టు చేస్తే పని జరగదు. ఆ అడ్డంకిని మనం ఎలా దాటామో, అది ఎందుకు ముందే ఊహించలేరో చూపిస్తే వాదన నిలబడే అవకాశం ఉంది. చూడండి, అప్లికేషన్‌ని కాపాడేది "మాది ఫస్ట్ టైమ్" అనే మాట కాదు. "మామూలు దారిలో వెళ్తే ఇక్కడ ఆగిపోతుంది, మేము ఇలా దాటాం" అనే మాట.

మూడో ప్రశ్న మన దేశానికే ప్రత్యేకం. పేటెంట్ చట్టం సెక్షన్ 3. ఇందులో 3(సి) ప్రకారం ప్రకృతిలో ఉన్న పదార్థాన్ని కనుక్కోవడం ఇన్వెన్షన్ కాదు. దసలి ఫైబ్రాయిన్‌లో కణాలు పట్టుకునే ఆర్‌జీడీ అనే వరుస సహజంగానే ఉంది. దాన్ని గుర్తించాం అని హక్కు అడిగితే కుదరదు, అది పురుగు పని. అమెరికాలో కూడా 2013లో మిరియడ్ కేసులో సుప్రీంకోర్టు, శరీరంలోంచి విడదీసినంత మాత్రాన సహజ డీఎన్‌ఏ ఇన్వెన్షన్ అయిపోదు అంది.

తర్వాత 3(డి). తెలిసిన పదార్థానికి కొత్త రూపం చేస్తే సరిపోదు, దాని ఎఫికసీ, అంటే పనితనం పెరగాలి. ఆ సెక్షన్ వివరణలో లవణాలు, ఎస్టర్లు, స్ఫటిక రూపాలు, ఇంకా డెరివేటివ్‌లు అని లిస్టే ఉంది. ఫైబ్రాయిన్ తెలిసిన పదార్థం, దానికి ఒక గ్రూపు తగిలిస్తే డెరివేటివ్. అంటే మన మెటీరియల్ నేరుగా ఈ సెక్షన్ నోట్లోకి వెళ్తుంది. 2013 ఏప్రిల్ 1న నొవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ నిరాకరించింది. ఒంట్లోకి 30 శాతం ఎక్కువ చేరుతుందని కంపెనీ చెప్పినా, దానివల్ల చికిత్సలో పనితనం పెరిగిందని చూపించలేదు కదా అంది. కాబట్టి గాయం జెల్‌కి "మెత్తగా ఉంది, పారదర్శకంగా ఉంది" అని రాస్తే చాలదు. మార్చని పట్టుని పక్కన పెట్టి, గాయం మానడంలో తేడా ఎంతో డేటాతో చూపించాలి. ఇంకోటి, "ఈ జెల్‌తో గాయానికి చికిత్స చేసే పద్ధతి" అని క్లెయిమ్ రాస్తే 3(ఐ) కింద పోతుంది. మన దగ్గర చికిత్సా పద్ధతులకి పేటెంట్ లేదు.

నాలుగో ప్రశ్న: మీరు నేర్పినదెంత, అడుగుతున్నదెంత? ప్రయోగాలన్నీ మల్బరీ పట్టు మీద చేసి, క్లెయిమ్‌లో "ఏ పట్టు అయినా, సాలెపురుగు పట్టు కూడా" అని రాస్తే ఎగ్జామినర్ ఊరుకోరు. పేటెంట్ ఒక ఒప్పందం. నువ్వు విద్య పూర్తిగా చెప్పు, సమాజం నీకు 20 ఏళ్లు హక్కు ఇస్తుంది. చెప్పనిదానికి హక్కు లేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆమ్‌జెన్ కేసులో ఇదే తేల్చింది. 26 యాంటీబాడీల వివరాలు ఇచ్చి, అదే పని చేసే యాంటీబాడీలన్నీ మావే అంటే కుదరదు అంది. కోడ్ రాసేవాళ్లకి ఇది తెలుసు. రెండు కేసులు టెస్ట్ చేసి అన్ని ఇన్‌పుట్‌లకీ పనిచేస్తుందని రాస్తే రివ్యూలో నిలబెట్టి అడుగుతారు.

పట్టు విషయంలో ఇంకో మెలిక ఉంది. అది జీవ వనరు. స్పెసిఫికేషన్‌లో ఆ కాయలు ఎక్కడివో, మూలం ఏంటో రాయాలి. రాయకపోతే, తప్పు రాస్తే, పేటెంట్‌ని వ్యతిరేకించడానికి అదే ఒక కారణం. పైగా జీవవైవిధ్య చట్టం ఉంది. దేశంలోని జీవ వనరులతో చేసిన ఇన్వెన్షన్‌కి జాతీయ జీవవైవిధ్య అథారిటీ దగ్గర పని పూర్తి కావాలి. 2023 సవరణ తర్వాత మామూలుగా మన దేశం వాళ్లయితే పేటెంట్ ఇచ్చేలోపు రిజిస్ట్రేషన్, విదేశీ సంస్థలైతే ముందస్తు అనుమతి.

ఇప్పుడు మీలో చాలామందికి నేరుగా తగిలే విషయం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో జెల్ చేశారు, లైట్ వేయగానే గట్టిపడింది, వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. చెయ్యి ఆగదు, రీల్ పెట్టేస్తాం. తయారుచేసిన విధానం కూడా అందులో చెప్పేశారంటే, ఆ రీల్ మీ అప్లికేషన్‌కే ప్రయర్ ఆర్ట్. ఎగ్జామినర్ దాన్నే మీకు చూపిస్తారు. అమెరికాలో అయితే సొంతంగా బయటపెట్టినదానికి ఏడాది వెసులుబాటు ఉంది. మన దగ్గర 12 నెలల వెసులుబాటు చాలా కొన్ని సందర్భాలకే, ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్, విద్వత్ సంస్థ ముందు చదివిన పేపర్, అలాంటివి. ఇన్‌స్టాగ్రామ్ ఆ లిస్టులో లేదు. అందుకే ముందు ప్రొవిజనల్ అప్లికేషన్ వేసి తేదీ సంపాదించండి. పూర్తి స్పెసిఫికేషన్‌కి 12 నెలలు టైమ్ ఉంటుంది. రీల్ ఆ తర్వాత పెట్టుకోండి. కాకపోతే రీల్‌లో చెప్పే విషయం ఆ ప్రొవిజనల్‌లో రాసి ఉండాలి, లేకపోతే ఆ తేదీ కాపాడదు.

చివరిగా, ఇంత గట్టిగా అడగడం ఎందుకు? స్టార్టప్‌లని ఏడిపించడానికా? ఇలా ఆలోచించండి. "మార్చిన పట్టు అంతా నాదే" అనే క్లెయిమ్ ఎవరికో ఇచ్చేశారనుకోండి. రేపు చెన్నూరు దసలి కాయతో వరంగల్ కాలేజీలో ఎవరో జెల్ చేసి అమ్మాలంటే ముందు వాళ్ల గుమ్మం ఎక్కాలి. అలాగని అందరికీ నో చెప్పేస్తే, ఐదేళ్లు కష్టపడి దసలి పట్టుని కరిగించినవాళ్లకి ఏం మిగలదు. ఎంత కష్టపడ్డారో, ఏం నేర్పారో అంతవరకే గీత గీయడం ఎగ్జామినర్ పని. ఆ గీత తప్పుగా పడుతోందని మనకి అనిపిస్తే, అప్లికేషన్ పబ్లిష్ అయ్యాక పేటెంట్ ఇచ్చేలోపు ఎవరైనా వ్యతిరేకిస్తూ రాయొచ్చు. సెక్షన్ 25(1). పోటీ కంపెనీయే అయ్యుండాల్సిన పనిలేదు, రైతు సంఘమైనా, స్టూడెంట్ అయినా సరే.

ఇవాళ ఒక పని చేయండి. భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో సెర్చ్ ఉచితం. సిల్క్ ఫైబ్రాయిన్ అని కొట్టి ఏదో ఒక అప్లికేషన్ ఓపెన్ చేయండి. మొదటి క్లెయిమ్ చదవండి, తర్వాత ఎగ్జామినర్ రిపోర్ట్ ఉంటే అదీ చదవండి. ఈ నాలుగు ప్రశ్నల్లో ఏది అడిగారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో ఒకటి తీసుకుని లైన్ బై లైన్ చదువుదాం. అప్పటిదాకా సెలవు, ఉంటాను.